వచ్చిపోయే జబ్బు

రాబర్ట్ పిర్సిగ్ రాసిన ‘జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్’ని మొన్నటి శీతాకాలంలో మూడోసారి చదివాను. మొదటిసారి చదివింది హౌస్ సర్జన్సీ రోజుల్లో. అర్థం చేసుకోవడం కన్నా అర్థమైందని స్నేహితులకు చెప్పుకోవడంలోనే ఎక్కువ ఆనందం ఉండే వయసు అది. రెండోసారి ఇంగ్లండు వచ్చిన కొత్తలో, రాత్రి డ్యూటీల మధ్య, తండ్రీకొడుకుల కథగా చదువుకున్నాను. ఈ మూడోసారి నాకు ‘క్వాలిటీ’ మీమాంసతో గాని, గ్రీకు తత్త్వవేత్తల మీద ఆయన కోపంతో గాని పని లేకపోయింది. నా మోటారుసైకిలు నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోతోంది. కాసేపటికి ఏమీ ఎరగనట్టు మళ్ళీ నడుస్తోంది. పేరులోనే మోటారుసైకిలు మరమ్మతు ఉన్న పుస్తకం గదా, ఈ విషయం మీద ఏమంటుందో చూద్దామని తీశాను.

పుస్తకం సంగతి తెలియనివారికి రెండు మాటలు. 1968లో పిర్సిగ్ తన పదకొండేళ్ళ కొడుకు క్రిస్‌ని వెనక కూర్చోబెట్టుకుని మినియాపొలిస్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా మోటారుసైకిలు మీద వెళ్ళాడు. ఆ ప్రయాణానికి తన గతాన్నీ, తన మతిభ్రమణాన్నీ, సాంకేతికత మీద తన ఆలోచనలనీ అల్లి రాసిన పుస్తకం 121 మంది ప్రచురణకర్తలు కాదన్న తరవాత 1974లో వెలువడింది. అందులో తాత్త్విక భాగం నాకు ఇప్పటికీ కొంచెం పొడుగే అనిపిస్తుంది. యంత్రాల గురించి రాసిన పుటలు మాత్రం, వాటికోసమే ఆ పుస్తకం కొనవచ్చు అనిపించేటంత బాగుంటాయి. పిర్సిగ్ కంప్యూటరు మాన్యువళ్ళు రాసి బతికినవాడు. ఒక పనిని ఏ వరసలో చెప్పాలో ఆయనకు తెలుసు.

మనిషి పూనికని మింగేసే గోతుల గురించి అందులో ఒక అధ్యాయం ఉంది. ఆ గోతుల్లో ఒకటి ఈ వచ్చిపోయే లోపం. బాగుచేద్దామని చెయ్యి వెయ్యగానే యంత్రం బాగైపోతుంది, ఎక్కువగా విద్యుత్తుకి సంబంధించిన లోపాలే ఇలా ఉంటాయి, అంటాడు. లోపం మళ్ళీ వచ్చేట్టు చేసి చూడమంటాడు. రాకపోతే దాన్ని మరిచిపొమ్మంటాడు. ఏం చేసినా కొన్ని వందల మైళ్ళు నడిచేదాకా బాగైందని నమ్మవద్దని హెచ్చరిస్తాడు. చివరి మాటకు చేతులెత్తి నమస్కరిస్తాను. మరిచిపొమ్మన్న మాట దగ్గరే నాకు పేచీ.

నా బండి 1990లలో జపానులో తయారైనది. రెండు సిలిండర్లు, 500 సీసీ, కార్బురేటర్లు. మేముండే షెఫీల్డు నుంచి పడమరగా వెళితే లేడీబవర్ జలాశయం, అది దాటితే మాంచెస్టరు వైపు కొండలెక్కే స్నేక్ పాస్ రోడ్డు. ఆదివారం పొద్దున్నే ఆ దారిన వెళ్ళి రావడం ఈ దేశంలో నేను అలవరచుకున్న ఒకే ఒక వ్యసనం. పోయిన సెప్టెంబరులో ఒక రౌండెబౌట్ దాటి బయటికి వస్తుండగా ఇంజను ఆగిపోయింది. వెనక లారీ ఉంది. లారీ అతను బ్రేకు వేశాడు కాబట్టి ఇది రాస్తున్నాను. బండిని పక్కకి తోసి, చేతులు వణకడం తగ్గాక మీట నొక్కితే మొదటి దెబ్బకే స్టార్టయింది. ఇంటిదాకా చక్కగా వచ్చింది. మా ఆవిడ విని ఒకే మాట అంది: “అమ్మెయ్యండి.”

అమ్మడానికి మనిషి కూడా సిద్ధంగానే ఉన్నాడు. మా వార్డులో పనిచేసే కుర్ర డాక్టరు, కర్నూలు వైపు వాడు, ఏడాదిగా ఆ బండి మీద కన్నేశాడు. లైసెన్సు కొత్తగా వచ్చింది. ‘మీరెప్పుడు ఇస్తానంటే అప్పుడు తీసుకుంటా సార్’ అని వారానికోసారి గుర్తుచేస్తున్నాడు. రౌండెబౌట్‌లో లారీ ముందు ఆగిపోయే బండిని అతనికి ఎలా ఇస్తాను? ఎందుకు ఆగుతోందో తెలియకుండా, ‘ఇప్పుడు బాగానే నడుస్తోంది’ అని ఎలా చెబుతాను? పిర్సిగ్ తన బండి లోపాన్ని మరిచిపోవచ్చు. ఇంకొకరి చేతికి ఇవ్వబోయేదాన్ని మరిచిపోయే వీలు లేదు.

నెల తిరక్కుండా మరో రెండుసార్లు ఆగింది. బండిని ఒక గ్యారేజీకి తీసుకువెళ్ళాను. వాళ్ళు వారం ఉంచుకున్నారు. వారంలో ఒక్కసారీ ఆగలేదట. అయినా బ్యాటరీ మార్చారు, ఇగ్నిషన్ కాయిలు మార్చారు, ప్లగ్గులు మార్చారు, బిల్లు ఇచ్చారు. వాళ్ళని తప్పుపట్టలేను. జబ్బు కనబడనప్పుడు ఏదో ఒకటి చేయకపోతే రోగి ఊరుకోడు, డాక్టరుకీ తోచదు. మా వృత్తిలోనూ ఇలాంటి మందులు చాలానే రాస్తాం.

“కాయిలు మార్పించారుగా సార్, ఇక బాగైనట్టేగా?” అన్నాడు కర్నూలు కుర్రాడు.

“ఎందుకు ఆగిందో చెప్పు, అప్పుడు బాగైందో లేదో చెబుతాను,” అన్నాను.

పదహారో రోజున మళ్ళీ ఆగింది.

గుంటూరులో మెడిసిన్ చదివే రోజుల్లో మా హాస్టలుకి దగ్గర్లో వేపచెట్టు కింద ఒక మెకానిక్ ఉండేవాడు. మాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. మేం ‘అన్నా’ అనేవాళ్ళం, అతను మమ్మల్ని ఇంకా పాసవకుండానే ‘డాక్టరుగారూ’ అనేవాడు. మా స్నేహితుడి పాత టూ స్ట్రోక్ బండిని ఎన్నిసార్లు అతని దగ్గరికి తోసుకువెళ్ళామో లెక్కలేదు. పానా పట్టుకునే ముందు అతను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుండేది: “దగ్గి ఆగిందా, టక్కున ఆగిందా?”

“దగ్గి దగ్గి ఆగిందన్నా.”

“అయితే పెట్రోలు. టక్కున ఆగితే కరెంటు. అది తెలీకుండా విప్పితే సాయంత్రం దాకా విప్పుతానే ఉండాలి డాక్టరుగారూ.”

ఆ ప్రశ్న విలువ అప్పట్లో నాకు తెలియలేదు. స్పృహ తప్పి పడిపోయినవారిని చూసే క్లినిక్కులో ఇరవై ఏళ్ళుగా నేను అడుగుతున్నది అదే. పడిపోయేముందు ఒళ్ళు చెమటపట్టి, కళ్ళు మసకలు కమ్మి, మెల్లగా ఒరిగారా? లేక మాట మధ్యలో, ఏ హెచ్చరికా లేకుండా, చెట్టు కూలినట్టు పడ్డారా? మొదటిదైతే రక్తపోటు పడిపోయి ఉండవచ్చు, చాలామటుకు ప్రమాదం లేనిదే. రెండోదైతే గుండెలోని విద్యుత్ వ్యవస్థని అనుమానించాలి. అది టక్కున ఆగడం.

నా బండి టక్కుననే ఆగేది. కార్బురేటరులోకి పెట్రోలు అందకపోతే ఇంజను కొంతసేపు తడబడుతుంది, శక్తి తగ్గుతుంది, గుక్కపట్టినట్టు అవుతుంది. ఇక్కడ అదేమీ లేదు. ఇంకొక సాక్ష్యం కూడా ఉంది. ఇంజను వేగం చూపించే మీటరు నా బండిలో ఇగ్నిషన్ సంకేతంతో పనిచేస్తుంది. బండి ఇంకా దొర్లుతూ, గేరు వేసే ఉంది కాబట్టి చక్రమే ఇంజనుని తిప్పుతోంది. అయినా ఆ ముల్లు ఒక్కసారిగా సున్నాకి పడిపోయేది. పెట్రోలు అందక ఆగితే ముల్లు వేగంతోపాటు నెమ్మదిగా దిగుతుంది. మరో సంగతి, ముందు లైటు ఆరలేదు. అంటే బ్యాటరీ, పెద్ద ఫ్యూజు, తాళం స్విచ్చు వరకు కరెంటు వస్తూనే ఉంది. మొత్తం ఊరికి కరెంటు పోలేదు, ఒక్క ఇంటికే పోయింది.

ఒక చిన్న నోటు పుస్తకం పెట్టాను. ఆగిన ప్రతిసారీ తేదీ, అప్పటికి ఎన్ని మైళ్ళు నడిచింది, వాన ఉందా, ఎంత వేగం, హ్యాండిల్ ఎటు తిరిగి ఉంది, లైటు వెలుగుతోందా, ఎంతసేపటికి తిరిగి స్టార్టయింది అన్నీ రాసేవాణ్ణి. ముందుగా ఒక కారణాన్ని మనసులో పెట్టుకుంటే ఎంత నష్టమో పిర్సిగే తన అనుభవంతో చెప్పాడు. క్రిస్‌తో కలిసి చేసిన ఒక పాత ప్రయాణంలో కుండపోత వానలో బండి ఆగిపోయింది. వానే కారణమని తీర్మానించుకుని, ప్లగ్గులూ పాయింట్లూ చూసి, చివరికి ప్రయాణం మానుకుని ఇంటికి వచ్చేశాడు. రెండు వారాల తరవాత తేలింది, పెట్రోలు అయిపోయిందని. ట్యాంకు ఊపితే చప్పుడు చేసింది రిజర్వు పెట్రోలు. దాని మీట ఆయన తిప్పనే లేదు. ఆ పుట చదివిన ప్రతిసారీ నేను మెడికల్ విద్యార్థులకు చెప్పే పాఠాలన్నీ వృథా అనిపిస్తుంది. ఆ ఒక్క పుట చేతికిస్తే చాలు.

నోటు పుస్తకంలో ఏడు సంఘటనలు చేరేసరికి ఒక పోలిక కనబడింది. వానకీ దానికీ సంబంధం లేదు. ఏడింటిలో అయిదు రౌండెబౌట్ నుంచి బయటపడేటప్పుడో, నెమ్మదిగా ఎడమకి తిరిగేటప్పుడో జరిగాయి. మిగతా రెండూ గతుకుల రోడ్డు మీద. అన్నీ కనీసం పన్నెండు మైళ్ళు నడిచి ఇంజను బాగా కాగిన తరవాతే.

ఇంటి షెడ్డులో బండి నిలబెట్టి, ఇంజను నడుస్తుండగా హ్యాండిల్‌ని ఎడమకీ కుడికీ ఇరవైసార్లు తిప్పాను. వైర్లన్నీ ఒక్కొక్కటే పట్టుకుని కదిలించాను. ఇంజను చెక్కుచెదరలేదు. మల్టీమీటరు పెట్టి కొలిచాను. బ్యాటరీ 12.7 వోల్టులు, ఇంజను హోరెత్తించితే 14.2. కాయిలు దాకా వచ్చే దారిలో పోగొట్టుకుంటున్నది 0.3 వోల్టు మాత్రమే. అన్నీ నార్మల్. రోజుకి పదిసార్లు ఇ.సి.జి. కాగితాల మీద చూసే మాట ఇది. రోగి మంచం మీద ప్రశాంతంగా పడుకుని ఉన్న పది సెకన్లలో గుండె బాగుందని మాత్రమే ఆ కాగితం చెబుతుంది. పోయిన మంగళవారం చేపల దుకాణం ముందు ఆయన ఎందుకు కూలిపోయాడో దానికి తెలియదు. అయినా ‘అన్ని పరీక్షలూ నార్మల్’ అని రాసి ఇంటికి పంపడం ఎంత సులువో!

ఈ సమస్యకి మా వైద్యంలో జవాబు కనిపెట్టినవాడు నార్మన్ హోల్టర్. మోంటానా రాష్ట్రంలోని హెలీనా ఊరివాడు, వైద్యుడు కాదు, జీవభౌతిక శాస్త్రవేత్త. రోగిని యంత్రం దగ్గరికి తేవడం కాదు, యంత్రమే రోగితో తిరగాలన్నది అతని ఆలోచన. మొదట చేసిన పరికరం దాదాపు 38 కిలోలు. వీపుకి కట్టుకుని మోయాలి. దాన్ని చిన్నది చేస్తూ చేస్తూ 1961లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించాడు. ఇప్పుడు ఇరవైనాలుగు గంటల హోల్టర్ అని ప్రతి జిల్లా కేంద్రంలోనూ వినబడే పేరు ఆయనదే. ఈసారి పిర్సిగ్ జీవితాన్ని తిరగేస్తుంటే ఒక సంగతి నన్ను ఆపింది. సరిగ్గా ఆ కాలంలోనే, 1961కి అటూ ఇటూగా, పిర్సిగ్ అదే మోంటానాలోని బోజ్‌మన్ కాలేజీలో వ్యాసరచన పాఠాలు చెబుతున్నాడు. హెలీనాకి వంద మైళ్ళు. ఇద్దరికీ పరిచయం ఉందని నేను అనడం లేదు. వచ్చిపోయే లోపాన్ని మరిచిపొమ్మని రాసినవాడూ, దాన్ని పట్టుకునే యంత్రం చేసినవాడూ ఒకే కొండల కింద ఉన్నారన్నది మాత్రం నాకు భలే నచ్చింది.

నేను బండికి హోల్టర్ పెట్టాలని నిశ్చయించాను.

ఇది కొత్త విద్యేమీ కాదు, పాత మెకానిక్కులకు తెలిసినదే. మీటర్ల వెనక ఉండే చిన్న 12 వోల్టుల బల్బులు రెండు తీసుకున్నాను. ఒకదాన్ని తాళం స్విచ్చు దాటాక ఫ్యూజు పెట్టె దగ్గర, రెండోదాన్ని సరిగ్గా ఇగ్నిషన్ కాయిలు ముఖద్వారం దగ్గర కలిపాను. రెండింటికీ చెరొక చిన్న ఫ్యూజు వేశాను, లేకపోతే వైద్యమే రోగాన్ని తెస్తుంది. బల్బులు రెంటినీ స్పీడోమీటరు పై అంచున టేపుతో అంటించాను, రోడ్డు మీద నుంచి చూపు పెద్దగా దించకుండానే కనబడేట్టు. పగటి వెలుగులో వెలుగుతున్నాయో లేదో తెలియడానికి నల్ల ప్లాస్టిక్ గొట్టం ముక్కలు తొడిగాను. చూడడానికి అసహ్యంగా ఉంది. ఎడమ బల్బు ఆరితే లోపం తాళం స్విచ్చు లోపే. కుడిది ఒక్కటే ఆరితే రెంటి మధ్య. ఏదీ ఆరకుండా ఇంజను ఆగితే కాయిలూ, దాన్ని నడిపే పెట్టె, ఇంజనులోని పికప్ కాయిలూ చూడాలి. వేడెక్కితే తెగి, చల్లారితే అతుక్కునే గుణం ఆ పికప్ కాయిళ్ళకు ఉంది కాబట్టి, నిజం చెప్పాలంటే నా అనుమానమంతా దాని మీదే.

తరవాత ఎదురుచూపు. ఇది చాలా విచిత్రమైన స్థితి. ఆగకూడదని కోరుకుంటూ, ఆగాలని కోరుకుంటూ నడపాలి. ఆదివారాలు తెల్లవారుతూనే, వెనక ఎవరూ లేని దారుల్లో తిప్పాను. చర్మం కింద చిన్న రికార్డరు అమర్చుకున్న మా రోగులు ఇలాగే బతుకుతారు. కడ్డీ బ్యాటరీ కన్నా చిన్న పరికరం, మూడేళ్ళదాకా గుండెని కనిపెట్టుకుని ఉంటుంది. ‘ఇంకా పడిపోలేదండీ డాక్టర్’ అని ఒకాయన క్షమాపణ చెబుతున్నట్టుగా అనేవాడు. పదకొండో నెలలో పడిపోయాడు. రికార్డరులో తొమ్మిది సెకన్లు గీత నిటారుగా పడుకుని ఉంది. పేస్‌మేకరు పెట్టించాం. అంతకు ముందు ఆయనకు చేసిన ఇ.సి.జి.లన్నీ నార్మలే.

నాకు పదకొండు నెలలు పట్టలేదు, అయిదు వారాలు పట్టింది. లేడీబవర్ దగ్గర ఎడమకి తిరుగుతుండగా ఇంజను ఆగింది. కుడి బల్బు ఆరిపోయి ఉంది. ఎడమది వెలుగుతోంది. ఆ క్షణంలో కలిగిన సంతోషాన్ని ఎవరికీ వివరించలేను. రోడ్డు పక్కన ఆగిపోయిన బండి మీద కూర్చుని నవ్వుకుంటున్న నడివయసు మనిషిని చూసి కుక్కతో నడుస్తున్న ఒకామె పలకరించి వెళ్ళింది, బాగానే ఉన్నారా అని.

పికప్ కాయిలు నిర్దోషి. తాళం స్విచ్చుకీ ఇగ్నిషన్ కాయిలుకీ మధ్య నా బండిలో ఉన్నది ప్రధానంగా ఒకటే: కుడిచేతి దగ్గర ఇంజను ఆపే ఎర్ర స్విచ్చు, దానికి వెళ్ళి వచ్చే రెండు వైర్లు. స్విచ్చు విప్పి చూస్తే లోపలి రాగి రేకులు మసిబారి ఉన్నాయి. తుడిచి శుభ్రం చేశాను. కారణం కావచ్చు. దాన్ని ఎందుకు నమ్మలేదంటే, మసిబారిన రేకుకి ఎడమ తిరగడంతో సంబంధం ఏమిటి? అయిదింటికి అయిదుసార్లు ఎడమ అని నోటు పుస్తకం చెబుతోంది. బల్బులు తీయకుండా నడిపాను. 310 మైళ్ళ దగ్గర మళ్ళీ ఆగింది, మళ్ళీ కుడి బల్బే.

ఇక మిగిలింది వైర్లు. పెట్రోలు ట్యాంకు తీసి, హ్యాండిల్ కింద, ఫ్రేము మెడ దగ్గర వైర్ల కట్టని వెతికాను. పైకి ఎక్కడా గాయం లేదు. లోపల రాగి తెగినా ప్లాస్టిక్ తొడుగు చెక్కుచెదరకుండా ఉంటుంది. దాన్ని కంటితో చూడలేం, వేలితో చూడాలి. రెండు చేతుల వేళ్ళ మధ్య వైరుని అంగుళం అంగుళం పట్టుకుని మెల్లగా లాగుతూ వెళ్ళాలి. లోపల రాగి ఉన్నచోట సాగదు, లేనిచోట రబ్బరులా సాగుతుంది. పొట్ట తడిమి చూడడం ఎన్నేళ్ళు నేర్చుకున్నానో ఆ వేళ్ళతోనే తడిమాను. మెడ మలుపు దగ్గర, ఎవరో ఎప్పుడో ప్లాస్టిక్ టైతో బిగించి కట్టినచోట, ఒక వైరు సాగింది.

తొడుగు చీల్చాను. పోగులన్నీ దాదాపు తెగి ఉన్నాయి. పచ్చగా చిలుము పట్టిన కొసలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. హ్యాండిల్ తిప్పినప్పుడల్లా ఆ బిగించిన చోటే వంగీ వంగీ, ఏళ్ళ తరబడి ఒక్కొక్క పోగే తెగుతూ వచ్చింది. కొసలు ఆనుకున్నంతసేపూ కరెంటు వెళుతుంది. ఇంజను కాగి తొడుగు మెత్తబడి, అదురు తోడై, హ్యాండిల్ ఎడమకి తిరిగితే కొసలు వెంట్రుకవాసి విడిపోతాయి. ఆ ముక్కని కోసి బల్ల మీద పెట్టి మల్టీమీటరుతో కొలిచాను. దాదాపు సున్నా ఓములు. ఏ లోపమూ లేని వైరు! మీటరు పంపే కరెంటు చాలా స్వల్పం, ఆ కొసలు ఆనుకుంటే దానికి చాలు. అదే ముక్కగుండా ఒక హెడ్‌లైటు బల్బుని వెలిగిస్తే మినుకుమినుకుమంటూ ఎర్రబడింది. వైరుని కాస్త వంచగానే ఆరిపోయింది. విశ్రాంతిలో బాగుండి, మెట్లెక్కితే నొప్పి వచ్చే గుండెని ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి చూడడం ఇందుకే.

తెగినచోట అతుకు వేయలేదు. టంకం పోస్తే అది పోగుల్లోకి పాకి ఆ మేర వైరు బిరుసెక్కుతుంది. వంగే చోట బిరుసు ఉంటే దాని అంచున మళ్ళీ తెగుతుంది. స్విచ్చు నుంచి ట్యాంకు కింద కనెక్టరు దాకా కొత్త వైరు పూర్తిగా వేసి, మెడ దగ్గర వదులుగా చిన్న వంపు విడిచి, టై బిగించకుండా వదిలాను. దాని పక్కన నడిచే మరో రెండు వైర్లను కూడా తడిమి చూసి, ఒకటి కొంచెం అనుమానంగా ఉంటే అదీ మార్చాను. ఖర్చు నాలుగు పౌండ్లు. గ్యారేజీ బిల్లు ఎంతో ఇక్కడ రాయను.

తరవాత వెయ్యి మైళ్ళు పెట్టుకున్నాను. పిర్సిగ్ కొన్ని వందలే అడిగాడు. కాని 310 దగ్గర ఒకసారి ఆగిన బండికి ఆ లెక్క చాలదనిపించింది. కర్నూలు కుర్రాడు ప్రతి సోమవారం వార్డు రౌండులో మైళ్ళు అడిగేవాడు. 640. 715. ఏప్రిల్లో మంచు పడి రెండు వారాలు కదలలేదు. ఈలోగా అతనికి నా పుస్తకం ఇచ్చాను. సగం చదివి, ‘తత్త్వం వచ్చినచోట పేజీలు తిప్పేశా సార్’ అని నిజాయితీగా చెప్పాడు. మొత్తం 1,040 మైళ్ళు ఆగకుండా నడిచాక, మే నెలలో ఒక శనివారం వచ్చి బండి తీసుకువెళ్ళాడు. నోటు పుస్తకం కూడా ఇచ్చాను, వైరు ముక్కని చిన్న కవరులో వేసి దాని అట్టకి అంటించి.

తాళం తిప్పగానే స్పీడోమీటరు మీద రెండు బల్బులూ వెలిగాయి. “ఇవి తీసేయమంటారా సార్?” అని అడిగాడు.

“ఈ చలికాలం గడవనీ,” అన్నాను.